ఆగినప్పుడే అరుగుతుంది

మా ఇంట్లో ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసులను విడదీసే పని నాన్నది. అమ్మ మధ్యాహ్నం గిన్నెలు తోమి, తడి ఆరకుండానే గ్లాసులను దొంతరగా పేర్చేది. సాయంత్రానికి వాటిలో ఏదో ఒక జత విడిపోనని మొండికేసేది. ఆ జతను కిటికీలో పెట్టి ఉంచేవాళ్లం. నాన్న షిఫ్టు ముగించుకుని సింధియా నుంచి మల్కాపురంలోని మా ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగే లోపల దాని సంగతి చూసేవారు. నేను రెండు చేతులతో పట్టుకుని లాగితే రానిది, ఆయన బయటి గ్లాసును వేడినీళ్లలో ఉంచి, లోపలి గ్లాసులో చన్నీళ్లు పోసి, మెల్లగా మెలిపెడితే జారి వచ్చేది. "లాగకురా, తిప్పు. మధ్యలో తడి ఉంది కదా, దాన్ని వాడుకో" అనేవారు. గ్లాసులను పట్టి ఉంచుతున్నదీ, విడిపించగలిగినదీ ఆ తడే అన్న సంగతి నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. నాన్న చెప్పారు కాబట్టి నిజమే అనుకున్నాను. వింతగా అనిపించడానికి మరో పదేళ్లు పట్టింది.

నాన్న విశాఖపట్నం షిప్‌యార్డులో ఫిట్టరు. మా పేటలో సగం ఇళ్లవాళ్లు ఏదో ఒక రకంగా యార్డు మీదే బతికేవారు. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నాటి సింధియా కంపెనీ పేరు, ప్రభుత్వం దాన్ని తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డుగా మార్చిన తరువాత కూడా, ఊరి పేరుగా మిగిలిపోయింది. 1948 మార్చి 14న నెహ్రూగారు జలఉషను నీళ్లలోకి దించిన రోజును చూసిన పెద్దవాళ్లు మా వీధి అరుగుల మీద ఉండేవారు. వాళ్లు చెప్పే కథల్లో నెహ్రూగారి గులాబీ కంటే గ్రీజు వాసనే ఎక్కువగా ఉండేది. ఆ గ్రీజు సంగతి తరువాత చెబుతాను.

చదువుకు ముందు నా చదువంతా కుంకుడుకాయల దగ్గర జరిగింది. ఆదివారం తలంటుకు మామ్మ కుంకుళ్లు కొట్టి వేడినీళ్లలో నానబెడితే, ఆ రసం ఒక కొబ్బరిచిప్పలో దొంగిలించి, బొప్పాయి ఆకు కాడను గొట్టంగా చేసుకుని బుడగలు ఊదేవాణ్ని. ఒకసారి సగం ఊదిన బుడగలోని గాలిని వెనక్కి పీల్చాను. బుడగ చిన్నదై గుండ్రంగానే ఉంటుందనుకుంటే, దాని చర్మం ముడతలు పడింది, అచ్చం మామ్మ ముంజేతి మీది ముడతల్లాగా. సబ్బునీళ్ల బుడగతో అదే పని చేస్తే ముడతలు లేవు. అది బుద్ధిగా చిన్నదయింది. కుంకుడులో నురుగునిచ్చే సాపోనిన్లు అనే పదార్థాలు నీటి ఉపరితలం మీద ఒకదానినొకటి పట్టుకుని గట్టి అల్లికలా ఏర్పడతాయనీ, ఆ అల్లికకు సాగే గుణం కంటే బిగుసుకునే గుణం ఎక్కువనీ, అందుకే దాని పొర నుంచి నీరు కిందికి దిగడం కూడా నెమ్మదిగా సాగుతుందనీ చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం శాస్త్రజ్ఞుడు ప్లాటో ఈ సాపోనిన్ ఉపరితలాల బిగుతును పరీక్షించినవారిలో ఒకరు. ఆయన 1843 నాటికే చూపు పూర్తిగా కోల్పోయాడు. నురుగులో ఎక్కడైనా మూడు పొరలే కలుస్తాయనీ, వాటి మధ్య కోణం 120 డిగ్రీలనీ ఆయన పేరున నిలిచిన నియమాలకు ఆధారమైన ప్రయోగాలలో చాలా భాగం ఇంటివాళ్లూ శిష్యులూ చూసి చెబుతుండగా చేసినవే. చూపున్న నేను మామ్మ కుంకుడు నురుగులో ఆ మూడు గోడల కూడలిని వందలసార్లు చూసి కూడా లెక్కపెట్టలేదు.

సబ్బునీళ్లతో వేరే ఆట ఉండేది. అమ్మ పాత చేతిగాజు ఒకటి సబ్బునీళ్లలో ముంచి నిలువుగా పట్టుకుంటే, గాజు నిండా ఒక పొర నిలిచేది. మొదట ఏ రంగూ ఉండదు. కొద్ది క్షణాలకు పైనుంచి అడ్డచారలు దిగడం మొదలవుతుంది: గులాబీ, ఆకుపచ్చ, మళ్లీ గులాబీ, ఆపైన పసుపు, చివరకు వెండిలాంటి తెలుపు. నీరు కిందికి జారి పొర పైభాగం పలచబడుతున్న కొద్దీ, పొర ముందు ముఖం నుంచీ వెనుక ముఖం నుంచీ తిరిగివచ్చే కాంతి తరంగాలు ఒక్కో మందం దగ్గర ఒక్కో రంగును బలపరచి, మరొకదాన్ని చంపుతాయి. అంచుల వెంట మాత్రం రంగుల చిన్న చిన్న సుడులు కిందికి కాక పైకి పాకుతుండేవి. నాకు అవి బతికున్న పురుగుల్లా కనిపించేవి. గాజును అంటుకున్న చోట నీరు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్ల అక్కడ పీడనం తగ్గి, పక్కనున్న పొరలోని నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అలా పలచబడిన ముక్కలు చుట్టుపక్కల పొర కంటే తేలికై పైకి లేస్తాయి. పొర పలచబడడంలో నేరుగా కిందికి కారే నీటి కంటే ఈ అంచుల బేరమే పెద్దదని 1950లలో కారొల్ మైసెల్స్ బృందం చూపింది.

తెలుపు తరువాత వచ్చేదే అసలు విశేషం. పొర పైన ఒక నల్లని మచ్చ పుట్టి, పదునైన అంచుతో పెద్దదవుతూ దిగివచ్చేది. మామ్మ చూసి, "కన్నం పడిపోనాదిరా గుంటడా, ఇంక పారేసీ" అనేది. కన్నం కాదు. తడివేలిని అందులోంచి దూర్చితే పొర వేలి చుట్టూ మూసుకునేది. పొడివేలు తగిలితేనే పగిలేది. పొర మందం కాంతి తరంగం కంటే చాలా తక్కువైపోయినప్పుడు, ముందు ముఖం దగ్గర తలకిందులై తిరిగివచ్చిన తరంగమూ, వెనుక ముఖం నుంచి మామూలుగా వచ్చిన తరంగమూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే పొర ఉండి కూడా లేనట్టు కనిపిస్తుంది. న్యూటన్ 1704లో అచ్చయిన తన గ్రంథంలో ఈ నల్లమచ్చలను వర్ణించాడు. అవి ముప్పై నానోమీటర్ల మందం దగ్గర నిలిచేవి ఒక రకం (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు). సుమారు అయిదు నానోమీటర్లకు కుదించుకుపోయి, దాదాపు రెండు వరసల సబ్బు అణువులూ కాస్త నీరూ మాత్రమే మిగిలినవి మరో రకం. మొదటి రకాన్ని అక్కడ నిలిపేది విద్యుత్తు. పొర రెండు ముఖాలపైనా చేరిన సబ్బు అయాన్లకు ఒకే విద్యుదావేశం ఉండడం వల్ల అవి దగ్గరపడుతున్న కొద్దీ వికర్షించుకుంటాయి. అణువుల మధ్య ఆకర్షణ వాటిని దగ్గరకు లాగుతుంది. ఈ తూకాన్ని 1941లో రష్యాలో దెర్యాగిన్, లాందావ్, 1948లో హాలండులో వెర్వే, ఓవర్‌బీక్ లెక్కగట్టారు. మామ్మకు మాత్రం అది కన్నమే.

ఇక నాన్న లోకం. ఒకరోజు ఆయన జేబులోంచి అగ్గిపెట్టెంత చెక్కముక్క తీసి నా చేతిలో పెట్టి, బకెట్టులో వేయమన్నారు. అది మునిగిపోయింది. నేను దాన్ని తీసి మళ్లీ వేశాను, మళ్లీ మునిగింది. పట్టుకుంటే కొవ్వు రాసినట్టు జిడ్డుగా ఉండేది. అది లిగ్నమ్ వైటీ అనే విదేశీ కర్ర. ఓడ వెనుక ప్రొపెల్లరు షాఫ్టు బయటికి వచ్చే గొట్టంలో, షాఫ్టు మీది కంచు తొడుగుకు బేరింగుగా ఈ కర్ర పట్టీలను వరసగా బిగించేవారు. ఇంగ్లండులో జాన్ పెన్ 1854లో మొదలుపెట్టిన పద్ధతి అది. దానికి నూనె అక్కర్లేదు. సముద్రపు నీరే నూనె. నీరు పలుచన కాబట్టి దాని పొర కూడా బహు పలచనగా ఉంటుంది. ఎక్కడైనా ఆ పొర తెగితే కర్రలో సహజంగా ఉన్న జిగురు కాపాడుతుంది. "తెగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాను. "తిరుగుతుండాలి" అన్నారు నాన్న. "బేరింగు పరిగెత్తినప్పుడు అరగదురా. ఆగినప్పుడే అరుగుతుంది, మళ్లీ బయల్దేరినప్పుడు అరుగుతుంది."

ఈ మాట నా బుర్రలో ఎక్కడో పడి ఉండిపోయింది. ఎమ్మెస్సీలో, బేరింగులోని నూనెపొర గురించి ఆస్బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు రాసిన 1886 నాటి సిద్ధాంతం చదువుతున్నప్పుడు, నాన్న మాటనే ఎవరో గణితంలోకి ఎత్తి రాసినట్టు అనిపించింది. ఆ కథ 1883లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరుతో మొదలవుతుంది. రైలు ఇరుసు బేరింగుల రాపిడిని కొలుస్తూ, ఆయన పై ఇత్తడి దిమ్మెకు నూనె పోసేందుకని ఒక రంధ్రం చేశాడు. నూనె లోపలికి పోవడానికి బదులు అందులోంచి పైకి పొంగింది. బిరడా పెడితే బిరడాను తన్నేసింది, కర్రమేకు కొడితే దాన్నీ మెల్లగా బయటికి నెట్టింది. తిరుగుతున్న ఇరుసు తనకు అంటుకున్న నూనెను తనతోపాటు లాక్కుపోతుంది. ఇరుసుకూ దిమ్మెకూ మధ్య సందు ముందుకు పోతున్న కొద్దీ ఇరుకవుతుంది. వెడల్పు వైపు నుంచి వచ్చిన నూనె ఇరుకులో పట్టక ఒత్తిడి పెంచుకుని ఇరుసు బరువంతటినీ ఎత్తిపడుతుంది. వెంట్రుక మందానికి కూడా చాలని ఆ పొర మీద టన్నుల బరువు ఇనుమును ఇనుము తాకకుండా తేలుతుంది. తిరగడం ఆగితే లాక్కువచ్చేవాడు లేడు; ఉన్న పొర బరువుకు పిండుకుపోతుంది.

ప్రొపెల్లరు ఓడను ముందుకు తోసే తోపు అంతా ఎక్కడో ఒకచోట ఓడ ఒంటికి అందాలి. దాన్ని అందుకునే థ్రస్ట్ బ్లాకు గురించి చెప్పేటప్పుడు నాన్న రెండు అరచేతులనూ ఒకదానికొకటి కొద్దిగా వాలుగా పెట్టి చూపేవారు. ఆస్ట్రేలియా ఇంజినీరు మిచెల్ 1905లో ఆ దిమ్మెలను ఒకే పలకగా కాక, తమంతట తాము కొద్దిగా ఒరిగే ముక్కలుగా చేశాడు. ఒరిగిన ప్రతి ముక్క కిందా నూనె తన ఇరుకు సందును తానే చేసుకుంటుంది. నాన్నకు మిచెల్ పేరు తెలుసు, బ్లాకు మీద ఉండేది కాబట్టి. రెనాల్డ్స్ పేరు తెలియదు.

ఇప్పుడు గ్రీజు సంగతి. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న నన్ను ఓడ దించడం చూడడానికి తీసుకువెళ్లారు. స్లిప్పు మీద, అంటే ఓడను కట్టే వాలు వేదిక మీద, నిలబడ్డ ఓడను కిందినుంచి చూస్తే అది ఓడలా ఉండదు. ఆకాశం సగం మూసేసిన గోడలా ఉంటుంది. దాని కింద రెండు వరసల కర్ర బాటలు నీళ్లలోకి వాలుగా దిగుతాయి. ఆ వాలు సుమారు ఇరవై అడుగులకు ఒక అడుగు. నేలకు బిగించిన బాట ఒకటి, దాని మీద ఓడతోపాటు జారే బాట మరొకటి, రెంటి మధ్య గ్రీజు. అది ఒక గ్రీజు కాదు, రెండు పూతలు: కింద గట్టి కొవ్వు, దాని మీద మెత్తని సబ్బుతోనూ నూనెతోనూ కలిపిన జారుడు పూత. కింది పూత గట్టిగా లేకపోతే బరువుకు పక్కలకు పిండుకుపోతుంది. పైది మెత్తగా లేకపోతే జారదు. చదరపు మీటరుకు సుమారు ఇరవై టన్నుల బరువు పడే చోట ఈ రెండింటికీ పొత్తు కుదర్చాలి, అదీ మన విశాఖ ఎండలో, కొవ్వు తనంతట తాను మెత్తబడే ఎండలో. పూత పాళ్లు వాతావరణాన్ని బట్టి మారేవని నాన్న చెప్పేవారు. అందులో ఆరితేరిన పెద్దమేస్త్రులు వేళ్ల మధ్య రుద్ది చూసి తేల్చేవారట.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఆ రోజు హడావిడికి కారణం. నెలల తరబడి దిమ్మెల మీద నిలబడ్డ ఓడ బరువును జారుడు బాటల మీదికి మార్చేది చివరి కొన్ని గంటల్లోనే. ముందే మారిస్తే గ్రీజు పిండుకుపోతుంది. అంతదాకా రెండు బాటలూ ఒకదాన్నొకటి నొక్కకుండా మధ్యలో ఇనుప ముక్కలు పెట్టి ఉంచి, సమయానికి లాగేసేవారు. సుత్తుల చప్పుడు ఒక చివర నుంచి మరో చివరకు అలలా పోయేది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు గడియారం గ్రీజు చేతిలో ఉంది" అన్నారు. కొబ్బరికాయ కొట్టారు. ఏదో విరిగిన శబ్దం వచ్చింది. ఓడ మొదట కదలలేదనే అనుకున్నాను. నిజానికి దాని వెనుకనున్న కొండ కదులుతున్నట్టు కనిపించింది. తరువాత బాటల నుంచి పొగ లేచింది, మాడిన కొవ్వు వాసన వచ్చింది. నిమిషం కూడా పట్టకుండా ఓడ నీళ్లలో ఉంది. వెనుకభాగం ముందు తేలినప్పుడు బరువంతా ముక్కు కింది ఆధారం మీదికి ఒరుగుతుంది. ఆ క్షణంలోనే పూతకు అసలు పరీక్ష అని నాన్న తరువాత చెప్పారు. అప్పుడు మాత్రం ఆయన ఓడను చూడలేదు, ఖాళీ అయిన బాటను చూస్తున్నారు. గ్రీజు ఎక్కడ మిగిలింది, ఎక్కడ కర్ర నల్లబడింది అని.

పిండుకుపోవడానికి పట్టే కాలం లెక్క చిత్రమైనది. రెండు చదును పలకల మధ్య ద్రవాన్ని ఒకే బరువుతో నొక్కుతుంటే, పొర మందం సగమవడానికి కొంత కాలం పడితే, ఆ సగం మళ్లీ సగమవడానికి దానికి నాలుగు రెట్లు పడుతుంది. ఆ తరువాతి సగానికి పదహారు రెట్లు. సందు ఇరుకైన కొద్దీ ద్రవానికి దారి అంతగా కష్టమవుతుంది. వియన్నాలో స్టెఫాన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1874లోనే ఇలా దగ్గరకు నొక్కే, దూరం లాగే పలకల సంగతి లెక్కించాడు: ఒకే వేగంతో విడదీయాలంటే సందు సగమైతే బలం ఎనిమిది రెట్లు కావాలి. ఇరుక్కున్న గ్లాసును లాగిన ఆరేళ్ల కుర్రాడు ఓడిపోయింది రెండు ఘనం ఎనిమిది అన్న ఈ లెక్క చేతిలోనే. దానికి తోడు అంచుల వద్ద నీటి వంపు చేసే పీల్పు ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టే మామూలు గాజు స్లైడ్లు రెండింటి మధ్య పది మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) నీటిపొర ఉంటే, నీటి ఉపరితలం తనను తాను బిగదీసుకునే గుణం, అంటే తలతన్యత, ఒక్కటే వాటిని దాదాపు మూడు కిలోల బరువుకు సమానమైన బలంతో పట్టి ఉంచుతుంది. అడ్డంగా జరిపితే మాత్రం అడ్డు చెప్పదు. లాగకురా, తిప్పు.

బీఎస్సీ పాతబస్తీలోని ఏ.వి.ఎన్. కళాశాలలో చదివాను. సి.వి.రామన్ తండ్రిగారు పాఠాలు చెప్పిన కళాశాల అది, ఆ సంగతి మాకు ఏడాదికి నాలుగుసార్లు గుర్తుచేసేవారు. న్యూటన్ వలయాల ప్రయోగంలో గాజుపలక మీద కటకం పెట్టి, పసుపురంగు సోడియం దీపం కింద వలయాల వ్యాసాలు కొలవాలి. కటకానికీ పలకకూ మధ్య నీటిచుక్క వేస్తే వలయాలు ముడుచుకుని చిన్నవవుతాయి, కొంత మసకబారతాయి. నేను అంతటితో ఆగక, ఇంటి నుంచి చిన్న సీసాలో ఆముదం తెచ్చి వేశాను. చిక్కని ద్రవం నెమ్మదిగా పిండుకుపోతుంటే వలయాలు కదలడం చూడాలని నా ఆశ. వలయాలు కదలలేదు; అసలు మాయమయ్యాయి. కటకం పాడుచేశానని భయపడి మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. "ఆముదం వక్రీభవన గుణకం ఎంత? గాజుది ఎంత?" అని మాత్రం అడిగారు, అంటే కాంతిని ఏది ఎంత వంచుతుందన్న కొలత. ఒకటి 1.48, మరొకటి 1.52. కాంతికి గాజు ఎక్కడ ముగిసిందో, నూనె ఎక్కడ మొదలయిందో దాదాపు తెలియదు, కాబట్టి తిరిగిరావడానికి దానికి గోడే లేదు. సబ్బుపొరలో నల్లమచ్చ ఉండి కనిపించకపోవడం ఒక రకం, ఇది మరో రకం. ఆ కటకాన్ని శుభ్రం చేయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

అదే మాస్టారు మరో రోజు, రామన్ కలకత్తాలో ఉండగా 1921లో బెనర్జీ అనే సహచరుడితో కలిసి, కోడిగుడ్డు తెల్లసొన నురుగును రెండు గాజుపలకల మధ్య నొక్కితే కనిపించే రంగులను వివరించారని చెప్పారు. పొరలో కొంత గాలీ కొంత ద్రవమూ పక్కపక్కన గళ్లుగా ఉన్నప్పుడు, వాటి సరిహద్దుల దగ్గర పుట్టే రంగులవి. గుడ్డు ఇంటికి రానివ్వని మా అమ్మకు తెలియకుండా ఆ ప్రయోగం స్నేహితుడి గదిలో చేశాం. రంగులు కనిపించాయి, కాని ఆమ్లెట్టుకు గుడ్డు మిగల్లేదు.

తరువాత ముప్పై ఏళ్లు నేను భౌతికశాస్త్రం బోధించాను. తలతన్యత పాఠం వచ్చినప్పుడల్లా ఆగ్నెస్ పోకెల్స్ సంగతి తప్పక చెప్పేవాణ్ని. జర్మనీలో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు మూసి ఉన్న రోజుల్లో, ఆమె వంటింట్లోనే రేకు తొట్టి, దానికి అడ్డంగా జరిగే రేకుపట్టీ, ఒక చిన్న తక్కెడ పెట్టుకుని, నీటి మీద తేలే జిడ్డుపొరను కుదించి తలతన్యత ఎలా మారుతుందో కొలిచింది. ఆమె రాసిన ఉత్తరాన్ని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1891లో నేచర్ పత్రికలో వేయించాడు. ఆ పాఠం తరువాత ఒకరిద్దరు అమ్మాయిలు ఇంటి దగ్గర తాంబాళంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి చూశామని చెబితే, ఆ వారమంతా నాకు జీతం ఎక్కువిచ్చినట్టు ఉండేది.

నాన్న పదవీవిరమణ చేశాక మోకాళ్లు పట్టేశాయి. డాక్టరుగారు గుజ్జు తగ్గిందన్నారు. నాన్న దాన్ని గ్రీజు అన్నారు, పెద్ద తేడా ఏమీ లేదు. కీలు లోపల ఉండే ద్రవం చెంచాడైనా ఉండదు, ఎముకల చివర్ల మీది మృదులాస్థి మధ్య అది పలుచగా పరుచుకుని ఉంటుంది. చాలాసేపు ఒకే భంగిమలో బరువు మోస్తే ఆ ద్రవం పిండుకుపోయి రాపిడి పెరుగుతుంది, కదిలితే మళ్లీ చేరుతుంది. నాన్నకు ఇది ఎవరూ చెప్పలేదు. కుర్చీలోంచి లేచే ముందు కాలును గాలిలో పది పన్నెండుసార్లు ఊపేవారు. తొందరపెడితే, "ఉండరా, నూనె పట్టనీ. పెద్ద ఇంజిను స్టార్టు చేసే ముందు ఏం చేస్తాం? పంపు వేసి, గేరుతో మెల్లగా రెండు చుట్లు తిప్పుతాం. ఇదీ అంతే" అనేవారు.

ఒక సాయంత్రం ఆయన్ని రామకృష్ణా బీచికి తీసుకువెళ్లాను. అల వెనక్కి పోయిన చోట ఇసుక మీద నీటిపొర అద్దంలా మెరుస్తూ, అందులో ఆకాశం కనిపిస్తోంది. నాన్న అడుగు వేయగానే పాదం చుట్టూ ఇసుక తెల్లగా పొడిబారింది. కాలు తీయగానే మళ్లీ తడిసింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నొక్కితే నీరు పైకి ఉబకాలి కదా, లోపలికి ఎందుకు పోయిందని అడిగారు. ఒత్తుగా సర్దుకుని ఉన్న ఇసుక రేణువులు కదలాలంటే ఒకదాని మీద ఒకటి ఎక్కాలని, అప్పుడు వాటి మధ్య ఖాళీ పెరుగుతుందని, ఆ ఖాళీ పైనున్న పొరను పీల్చుకుంటుందని చెప్పాను. దీన్ని 1885లో రెనాల్డ్స్ వివరించాడనీ, బేరింగులో నూనె ఇరుసును ఎలా ఎత్తుతుందో మరుసటి ఏడాది చెప్పినదీ ఆయనేననీ, నీటి మీద నీటిచుక్క కాసేపు కలవకుండా తేలడం గురించి కూడా అంతకు ముందే రాశాడనీ చెప్పాను. నాన్న కింద ఉన్న తెల్లని వలయాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డారు. బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మార్చారు. వలయం కూడా మారింది.

"ఈయనెవరో మన షాపులో ఉండాల్సినోడు" అన్నారు. తరువాత నా మోచెయ్యి పట్టుకుని, "పద, పద. ఎక్కువసేపు నిలబడితే నా గ్రీజు పిండుకుపోద్ది" అన్నారు.